బానవిల్ ఉప్పు మీదికి జీటీ 650: హెచ్ టైరు చాలుతుందా?

ఉప్పుమడి_650

అందరికీ నమస్కారం. ప్రశ్న కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

మాది చిన్నగంజాం. ఇంటి వెనకాలే ఉప్పు మళ్ళు. చిన్నప్పుడు ఆ గట్ల మీద సైకిల్ తొక్కితే రిమ్ములు తుప్పు పడతాయని మా నాన్న వీపు విమానం మోత మోగించేవాడు. ఇప్పుడు యూటాలో, లీహైలో ఉద్యోగం. ఇక్కణ్ణుంచి ఐ-80 ఎక్కి పడమటికి రెండు గంటలు పోతే వెండోవర్ ఊరు, దాని పక్కనే బానవిల్ ఉప్పు బయలు. పోయిన ఏడాది ఆగస్టు చివర్లో మోటారుసైకిళ్ళ స్పీడ్ ట్రయల్స్ చూసొద్దామని సరదాగా వెళ్ళాను. వచ్చాక వారం రోజులు సరిగా నిద్ర పట్టలేదు. ఈసారి నేనే దిగుదామని నిశ్చయించుకున్నా.

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ 650. 2020 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, స్పోక్ వీల్స్‌ది. సైలెన్సర్లు, ఎయిర్ ఫిల్టర్ మార్చా, ట్యూన్ చేయించా, వెనక స్ప్రాకెట్‌కి రెండు పళ్ళు తగ్గించా. జీపీఎస్‌లో 112 మైళ్ళు చూశాను (ఎక్కడ చూశానో అడక్కండి). మీటరు మాత్రం 119 చూపించింది, దాని గొప్పలు దానివి. హై కంప్రెషన్ పిస్టన్లు ఆర్డర్ పెట్టాను. లక్ష్యం 120. మైళ్ళేనండీ, కిలోమీటర్లు కాదు.

ఇక అసలు సంగతి. టైర్లు ముందు 100/90-18 56హెచ్, వెనక 130/70 ఆర్18 63హెచ్. చివరి అక్షరం టైరు తట్టుకునే గరిష్ఠ వేగం. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్లు, అంటే 130 మైళ్ళు. నేను పోయేది 120. ఇంకో పది మైళ్ళు మిగులే కదా? గాడి కూడా నిండుగా ఉంది, బండి మొత్తం తిరిగిందే నాలుగు వేల మైళ్ళు. ఆఫీసులో ఒకాయన మాత్రం దాని పై మెట్టు, వీ రేటింగు వేయించు అని ఒకటే పోరు. ఈ 18 అంగుళాల సైజుల్లో వీ వెతికితే గానీ దొరకదు, దొరికినా ఫిట్టింగుతో కలిపి 400 డాలర్లు అవుతోంది. లెదర్ సూటు కొన్న రోజు నుంచీ మా ఆవిడ నాతో పొడిపొడిగా మాట్లాడుతోంది. ఇప్పుడు టైర్లు అంటే ఆ పొడి మాటలు కూడా ఉండవు.

చెప్పండి, హెచ్ చాలదా?

హైవే_రాముడు

చాలు బ్రో, అనవసరంగా భయపెడతారు. 120తో పోతే మైలు దాటడానికి 30 సెకన్లు. అంతలో టైరు వేడెక్కేలోపే నీ పని అయిపోతుంది. నేను డల్లాస్‌లో హెచ్ టైర్ల మీద 135 దాకా కొట్టాను, ఇదిగో ఇంకా టైప్ చేస్తూనే ఉన్నా. కంపెనీ వాళ్ళు ఎప్పుడూ తక్కువే రాస్తారు. ఆ 400 పెట్టి వదినగారికి చీర కొను.

రబ్బరు_వాసన

రాముడు చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది, ముందు అది ఒప్పుకుంటాను. హెచ్ అని రాసిన టైరు 131 దగ్గర టపీమని పేలిపోదు. ల్యాబ్‌లో దాన్ని పెద్ద ఇనుప డ్రమ్ముకి ఆనించి, బరువు వేసి, 10 కిలోమీటర్ల చొప్పున మెట్లెక్కిస్తూ తిప్పుతారు. చివరి మెట్టు దాని రేటింగు వేగం. అక్కడ నిమిషాల తరబడి నిలబడితేనే ఆ అక్షరం దక్కుతుంది. డ్రమ్ము గుండ్రం కాబట్టి టైరు సాపు రోడ్డు మీద కన్నా ఎక్కువ నొక్కుకుంటుంది కూడా. నేను ఏక్రన్‌లో అలాంటి డ్రమ్ముల గదిలోనే పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను.

కానీ డ్రమ్ము మీదికి వచ్చే టైరు ఎలాంటిదో చూడు. ఫ్యాక్టరీ నుంచి నిన్న వచ్చింది. గాలి సరిగ్గా లెక్క ప్రకారం. పంక్చర్ లేదు, రిమ్ము వంకర లేదు, ఎండలో ఐదేళ్ళు నిలబడలేదు. ఆ అక్షరం అలాంటి టైరుకి ఇచ్చిన మాట. నీ టైరు ఆ స్థితిలో ఉందా అన్నది మొదటి ప్రశ్న. సైడ్‌వాల్ మీద డీఓటీ అన్న అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. చూసి ఇక్కడ రాయి. గాడి నిండుగా ఉందని మురిసిపోకు. ఉప్పు మీద గాడితో పెద్ద పని లేదు, రెండు నిమిషాల్లో ఉప్పు కూరుకుపోయి సాపుగా అయిపోతుంది. పైగా గాడి ఎంత లోతుంటే ఆ రబ్బరు దిమ్మెలు అంత మెలి తిరుగుతాయి, అంత వేడి పుడుతుంది, అంత బరువు బయటికి లాగుతుంది.

ఆ బరువు ఎంతో ఒక లెక్క చెప్తాను. నీ వెనక టైరు వ్యాసార్థం దాదాపు 32 సెంటీమీటర్లు. గంటకి 210 కిలోమీటర్ల దగ్గర టైరు అంచున ఉన్న ఒక్క గ్రాము రబ్బరు కిలోకి పైగా బరువున్నట్టు బయటికి లాగుతుంది. ఒక్క గ్రాము. చింతగింజ పాటి ముక్క ఊడి వస్తానని కిలో బలంతో గింజుకుంటుందన్న మాట. వేగం రెట్టింపైతే ఈ లాగుడు నాలుగింతలు. రిమ్ముకి అంటించే 20 గ్రాముల బ్యాలెన్స్ వెయిట్ ఉందే, 120 మైళ్ళ దగ్గర అది 12 కిలోల పైచిలుకు. ఊరికే అంటించి వదిలేస్తే అది తూటా. పాత జిగురు మొత్తం తుడిచి కొత్తది అంటించి, దాని మీద గట్టి టేపు వేయాలి.

మా నాన్నకి బెజవాడ ఆటోనగర్‌లో లారీ టైర్ల రీట్రెడింగ్ షాపు ఉండేది. ఎండాకాలం ఐదో నంబరు హైవే పక్కన పాము కుబుసాల్లా పడుండే టైరు తోళ్ళు చూశారు కదా? "ఇది మనది కాదులే" అని ప్రతి తోలునీ కాలితో తిరగేసి చూసేవాడు ఆయన. నలభై మైళ్ళ వేగానికే తోలు ఊడుతుంటే, నూట ఇరవై దగ్గర మనిషి కూర్చున్న బండి కింద ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇంకొకటి, గాలి. తక్కువ గాలితో తిప్పితే ఏం జరుగుతుందో మా గదిలో అద్దం వెనక నిలబడి చూస్తాం. టైరు తిరిగే వేగానికి సరిపడా మిణుకుమిణుకు లైటు వేస్తే అది ఆగిపోయినట్టు కనిపిస్తుంది. అప్పుడు నేలకి ఆనిన చోటు దాటగానే సైడ్‌వాల్ మీద అలలు లేస్తాయి, చెరువులో రాయేసినట్టు. నొక్కుకున్న రబ్బరు మళ్ళీ సరిగ్గా తేరుకునేలోపే తర్వాతి నొక్కుడు వచ్చి పడుతుంది. ఆ అల లేచిందంటే వేడి ఒక్కసారిగా ఎక్కుతుంది. ముందు వాసన, తర్వాత పొగ, తర్వాత చప్పుడు. నా పేరు ఎందుకు అలా పెట్టుకున్నానో అర్థమైందనుకుంటా.

ఇక నీ 10 మైళ్ళ మిగులు. అసలు అది ఉందా? నీ 120 ఎవరి లెక్క, మైలు దాటిన టైము చూసే గడియారందా, తిరిగే చక్రానిదా? దాని గురించి ఉప్పు మీద పనిచేసినవాళ్ళు ఎవరైనా చెప్తే బాగుంటుంది. నాకు డ్రమ్మే తెలుసు.

ఉప్పుమడి_650

సార్, ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్. ఇప్పుడే గరాజ్‌లోకి వెళ్ళి ఫోన్ లైటు వేసి చూశాను. రెండు టైర్ల మీదా 3419 ఉంది. అంటే 2019 ఆగస్టు చివర. బండి మోడల్ 2020 కదా అని నేను టైరు కూడా అప్పటిదే అనుకున్నా. సైడ్‌వాల్ మీద వేలితో నొక్కి చూస్తే సన్నటి గీతలు కనిపిస్తున్నాయి, వెంట్రుకల్లా. అవి మామూలేనా?

చక్రం లెక్క, గడియారం లెక్క వేరెందుకవుతాయి? అర్థం కాలేదు.

రబ్బరు_వాసన

సార్ కాదు తమ్ముడూ, అక్కా అను. ఆ వెంట్రుక గీతలు ఆఫీసుకి పోయి రావడానికైతే "చూసుకుంటూ నడుపు" అంటాను. ఉప్పు మీదికైతే మాత్రం మాట్లాడుకోడానికి ఏమీ మిగల్లేదు, ఆ జత దిగిపోవాల్సిందే. హెచ్ కొంటావా వీ కొంటావా అన్నదే ఇక ప్రశ్న.

తెల్లబయలు

గడియారం, చక్రం సంగతి నేను చెప్తాను. నేను రీనోలో ఉంటాను, ఒక పాత బ్రిటిష్ ట్విన్ (రెండు సిలిండర్ల బండి) టీముకి మూడేళ్ళు స్పానర్లు అందించాను. నడిపేది నేను కాదు, అంత గుండె లేదు.

ఉప్పు గట్టిగా కనిపిస్తుంది గానీ కింద తడి ఉంటుంది. వెనక చక్రం ఎప్పుడూ ఎంతో కొంత జారుతూనే తిరుగుతుంది. నడిపేవాడికి అది జారుతున్నట్టు కూడా తెలీదు, ఆర్‌పీఎం మాత్రం లెక్క కన్నా పైన నిలబడుతుంది. మా బండికి ముందు చక్రానికి ఒకటి, వెనక చక్రానికి ఒకటి సెన్సార్లు పెట్టి లాగర్‌కి (వేగాలు రికార్డు చేసే పెట్టె) కలిపాం. ఒక రోజు మధ్యాహ్నం గడియారం వాళ్ళు ఇచ్చే టైమ్ స్లిప్పు మీద 118 వచ్చింది. లాగర్ తీసి చూస్తే ముందు చక్రం 118, వెనక చక్రం 127. ఆ ముందు రోజు రాత్రి చినుకులు పడ్డాయి. పొద్దున్నే గట్టిగా ఉన్న ఉప్పు మీద అదే బండికి తేడా నాలుగైదు మైళ్ళే. బలం ఎక్కువున్న బండ్లకి ఇంకా దారుణం, వెనకాల సీసం దిమ్మెలు వేసి బరువు పెంచుకుంటారు.

ఇప్పుడు నీ లెక్క వేసుకో. గడియారం 120 అంటే, తడి ఉప్పు మీద నీ వెనక టైరు 129, 130 చూస్తుంది. నీ మిగులు పదీ అక్కడే కరిగిపోయింది. పిస్టన్లు కుదిరి 124 వచ్చిందనుకో, వెనక టైరు హెచ్ గీత దాటేసినట్టే. టైరుకి నీ టైమ్ స్లిప్పుతో పనేంటి? దానికి తెలిసింది తన చుట్లే.

కలిసొచ్చేది కూడా చెప్పాలి. తారు మీద కన్నా ఉప్పు మీద టైరు చల్లగా ఉంటుంది. పరుగు అయ్యాక చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంటుందంతే. అదే రన్‌వేల మీద జరిగే మైలు పందేలకి పోతే కథ వేరు, అక్కడ వేడే మొదటి శత్రువు.

ఇన్‌స్పెక్షన్ దగ్గర ఒక పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని టైరు మీది అక్షరం చదువుతాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, వేలితో ఉప్పు తుడిచి మరీ చదువుతాడు. ముందు వీ, వెనక హెచ్ ఉంటే బండిది హెచ్ కింద లెక్క. వెళ్ళబోయే వేగానికి అక్షరం సరిపోకపోతే నువ్వు యూటా నుంచి వచ్చినా చైనా నుంచి వచ్చినా లైన్లోకి పోనివ్వడు. ఈ ఏడాది రూల్ బుక్ తెచ్చుకుని నీ క్లాసు పేజీ చదివాకే టైరు కొను.

వాల్వ్ క్యాపులు లోహానివి ఉండాలి, లోపల రబ్బరు వాషర్ ఉన్నవి. ప్లాస్టిక్‌వి తీసి పారెయ్. వాల్వ్ మొహం ఇరుసు వైపు కదా ఉండేది? చక్రం తిరిగేటప్పుడు లోపలి పిన్నుని బయటికి, అంటే టైరు వైపు లాగుతుంది. గాలి తీయడానికి మనం గోరుతో నొక్కే వైపే అది. స్ప్రింగు ఆపుతుంది గానీ, పాతబడిన స్ప్రింగుని నమ్మి ఎవరు పోతారు? క్యాపు రెండో తాళం.

హైవే_రాముడు

నేను 135 కొట్టింది తారు మీదే, చక్రం జారడం లేదు. పైగా అది స్పీడోమీటర్ లెక్క, ఇప్పుడు ఆలోచిస్తే అసలు ఎంతో. సరే ఓడిపోయా. కానీ ఒక డౌటు. బర్ట్ మన్రో పాత ఇండియన్ స్కౌట్ (పేరే ఇండియన్, బండి అమెరికాది) మీద 1967లో ఇదే ఉప్పు మీద 184 మైళ్ళు పోయాడు. ఆయనకి ఏ అక్షరం ఉందట?

రబ్బరు_వాసన

ఆయనకి న్యూజిలాండ్‌లో ఒక షెడ్డు, చేతిలో వంటింటి కత్తి ఉన్నాయి. టైరు మీది గాడి రబ్బరుని కత్తితో చెక్కి పల్చన చేసేవాడని చెప్తారు. పై గ్రాము లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది, అంచున బరువు తగ్గితే లాగుడు తగ్గుతుంది, మెలి తగ్గితే వేడి తగ్గుతుంది. ఆలోచన సరైనదే. ఇప్పుడు అదే పని మిషన్ మీద చేస్తారు. తమ్ముడూ, నువ్వు కత్తి పట్టుకోకు. ఒక చోట మిల్లీమీటరు లోతుగా తెగినా దారాలు బయటపడతాయి.

అన్నట్టు మీ బండితోనే ఒక ఉదాహరణ ఉంది. 2018లో కేలా రివస్ అనే 18 ఏళ్ళ అమ్మాయి బాగా మార్చిన జీటీ 650 మీద బానవిల్‌లోనే 150 మైళ్ళు దాటించింది. వీ గీత 149. అంటే ఆ వేగానికి వీ కూడా చాలదు, 168 దాకా పనికొచ్చే డబ్ల్యూ కావాలి. నువ్వు 120 దగ్గరే ఉంటావు కాబట్టి నీకు వీ హాయిగా సరిపోతుంది. చక్రం జారుడు కలుపుకున్నా ఇంకో 19, 20 మైళ్ళు చేతిలో ఉంటాయి.

(ఎస్, టీ, యూ తర్వాత హెచ్, దాని తర్వాత వీ. ఈ వరస పెట్టినవాణ్ణి మా ఎలిమెంటరీ స్కూల్ మాస్టారికి అప్పజెప్పాలి.)

నీ బండిలో నన్ను ఎక్కువ భయపెట్టేది ట్యూబు. స్పోక్ వీల్స్ అన్నావు కాబట్టి లోపల ట్యూబు ఉంటుంది. టైరుకీ ట్యూబుకీ మధ్య రాపిడి, అదో వేడి. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే గాలి మెల్లగా పోతుంది, ట్యూబు చిరిగితే ఒక్కసారిగా పోతుంది. కుదిరితే ఈ మోడల్‌కి తర్వాత వచ్చిన అలాయ్ వీల్స్ వెతుకు. కుదరకపోతే కొత్త టైరుతో పాటు కొత్త ట్యూబు, కొత్త రిమ్ టేపు. పాత ట్యూబు సాగి ఉంటుంది, కొత్త టైరులో మడతపడి కూర్చుంటుంది. ఎక్కించాక సుద్దముక్కతో రిమ్ము మీంచి టైరు మీదికి ఒక గీత గీయి. పరుగు అయ్యాక ఆ గీత రెండుగా విడిపోయి కనిపిస్తే టైరు రిమ్ము మీద జారుతోందని అర్థం, ఇంకాస్త జారితే ట్యూబు వాల్వ్‌ని మొదలంటా లాగేస్తుంది.

గాలి ఇంట్లో కొట్టించుకుని పోయి అదే చాలనుకోకు. నీ గేజీ, నీ పంపు వెంట ఉండాలి. తెల్లారకముందు, టైరు మీద ఎండ పడకముందు చూడు. ఎండ ఒక పక్కే పడితే ముందు టైరుకీ వెనక టైరుకీ రెండు పాయింట్లు తేడా వచ్చి నువ్వు తికమక పడతావు. సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠం దాటొద్దు, దానికి మరీ దిగువకీ పోవద్దు.

తెల్లబయలు

ఒకటి మర్చిపోయా. అక్కడ ఎత్తు 4,200 అడుగుల పైన. లీహై కూడా ఇంచుమించు అంతే కాబట్టి నీ ట్యూనింగు పెద్దగా మారదు, అది నీ అదృష్టం. కాలిఫోర్నియా నుంచి వచ్చేవాళ్ళు మొదటి రోజంతా ఇంజన్ గాలి చాలక దగ్గుతుంటే చూస్తూ కూర్చుంటారు.

ఇంకా, పందెం జరుగుతుందనే గ్యారంటీ పెట్టుకోకు. కార్లవాళ్ళ స్పీడ్ వీక్ 2014లో వాన వల్ల, 2015లో ఉప్పు బాగోక, 2022లో మళ్ళీ వాన వల్ల రద్దయింది. హోటల్ వెనక్కి ఇచ్చేసే రకంలో బుక్ చెయ్యి. వచ్చేటప్పుడు బండిని కార్ల వాష్‌కి తీసుకెళ్ళి కింద నుంచి కడుగు, ఇంటికెళ్ళాక మళ్ళీ కడుగు. ఈ విషయంలో మీ నాన్నగారే కరెక్టు.

ఉప్పుమడి_650

వారం తర్వాత వస్తున్నా, క్షమించాలి.

రెండూ వీ దొరికాయి. తేదీ అడిగి, ఫోటో తెప్పించుకుని మరీ ఆర్డర్ పెట్టా. ఈ ఏడాదివే. కొత్త ట్యూబులు, రిమ్ టేపులు, ఇత్తడి క్యాపులు కూడా. అలాయ్ వీల్స్ ధర చూసి ట్యాబ్ మూసేశా.

నిన్న శనివారం పాత వెనక టైరు నేనే విప్పాను. రెండు టైరు లివర్లతో గంటన్నర పట్టింది, బొటనవేలి గోరు నల్లబడింది. ట్యూబు బయటికి లాగితే లోపల నల్లటి పొడి, అరచేతి నిండా వచ్చింది, కాటుకలా మెత్తగా. ట్యూబుని నీళ్ళ బకెట్లో తిప్పుతుంటే వేలికి ఏదో తగిలింది. అతుకు. రూపాయి బిళ్ళంత. అంచు ఒక పక్క లేచి ఉంది, గోరు దూరేంత. నేను కొన్నప్పటి నుంచీ ఈ బండికి పంక్చర్ పడలేదు. అంటే ముందాయన వేయించిందే. నేను ఆ 112 చూసింది ఈ అతుకు మీదే.

దాన్ని తీసుకెళ్ళి వంటగది బల్ల మీద పెట్టి మా ఆవిడకి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసింది. "టైర్లు ఎప్పుడొస్తాయట?" అంది.

బుధవారం వస్తాయి. అక్కా, సుద్దగీత తడి ఉప్పుకి చెరిగిపోదా? టైరు మార్కర్ పెన్ను వాడితే ఫర్వాలేదా?

రబ్బరు_వాసన

పెన్నే మంచిది. పసుపు రంగుది తీసుకో, తెలుపు ఆ ఉప్పులో కనపడదు. వాల్వ్‌కి ఎదురుగా ఒకటి, అవతలి పక్క ఒకటి, రెండు చోట్ల గీయి. ఆ అతుకు ట్యూబు ఊరికే పారెయ్యకు, రెండు ముక్కలుగా కోసి మరీ చెత్తలో వెయ్యి. లేకపోతే ఎప్పుడో అవసరానికి నువ్వే మళ్ళీ ఎక్కిస్తావు.